ఉతికినా పోని చెమట వాసన

ఉతికి ఆరేసిన చొక్కాలో చెమట వాసన పోయిందో లేదో ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే తెలియదు. పొడిగా, చల్లగా ఉన్నంతసేపు బట్ట ఏమీ బయటపెట్టదు. చంక దగ్గర నాలుగు చుక్కలు నీళ్ళు చిలకరించి వేడి ఇస్త్రీ పెట్టె ఆనించండి. ఆవిరితో పాటు పుల్లటి ఘాటు గుప్పున లేచిందంటే మురికి ఇంకా బట్టలోనే ఉన్నట్టు. ఇస్త్రీ బండి నడిపేవాళ్ళకు ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. ఏ ఇంట్లో పిల్లాడు ఈడుకొచ్చాడో బంధువులకన్నా ముందు వాళ్ళకే తెలుస్తుంది, కాకపోతే మర్యాద కొద్దీ అనరు.

పొద్దున అదే చొక్కా తొడుక్కుని బస్సెక్కిన పది నిమిషాలకు, ఇస్త్రీ పెట్టె చేసిన పనే ఒంటి వేడి చేస్తుంది. సాయంత్రం ఇంట్లో పంచాయితీ. "నిన్ననే కదరా ఉతికిన, మళ్ళ గిదేం వాసన?" అని తల్లి. "నేను రెండుసార్లు స్నానం చేసిన అమ్మా, ఊకో" అని కొడుకు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఈ అధ్యాయం ఆ ఇద్దరి కోసం.

హైదరాబాద్ శివార్లలోని బడంగ్‌పేట్, అల్మాస్‌గూడ, మీర్‌పేట్, నాదర్‌గుల్ కాలనీల్లో ఇంటర్ చదివే పిల్లల రోజు ఎలా గడుస్తుందో ఒకసారి చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. తెల్లారీ తెల్లారకముందే కాలేజీ బస్సు. దిల్‌సుఖ్‌నగర్‌కో ఎల్బీనగర్‌కో చేరేసరికి ట్రాఫిక్‌లో, కిక్కిరిసిన సీట్లలో ఒక విడత చెమట. క్లాసులు, వాటి మీద స్టడీ అవర్లు. ఇంటికొచ్చేసరికి చీకటి. యూనిఫాం రెండే జతలు, అదీ ఎక్కువగా పాలియెస్టర్ కలిసిన గుడ్డ. ఆటలున్న రోజు తడిసిన జెర్సీని ప్లాస్టిక్ కవర్లో చుట్టి బ్యాగు అడుగున కుక్కుతారు. ఆ రాత్రే బయటికి తీస్తే అదృష్టం. లేకపోతే లంచ్ బాక్సు కింద, ఫిజిక్సు పుస్తకం పక్కన, ఆదివారం దాకా అది అక్కడే ఉంటుంది.

ఇక అసలు కారణం. మన ఒంట్లో చెమట గ్రంథులు రెండు రకాలు. ఒళ్ళంతా ఉండి, ఎండకు నీళ్ళలాంటి చెమట పోసేవి పుట్టినప్పటి నుంచీ పనిచేస్తాయి. చంకల్లో, గజ్జల్లో ఉండే రెండో రకం మాత్రం యుక్తవయసు వచ్చేదాకా నిద్రపోయి, అప్పుడు ఒక్కసారిగా మేల్కొంటాయి. వాటి నుంచి వచ్చేది కొవ్వూ ప్రొటీనూ కలిసిన చిక్కటి చెమట. అది బయటికి వచ్చేటప్పుడు దానికి దాదాపు వాసనే ఉండదు. చర్మం మీద ఉండే బ్యాక్టీరియా దాన్ని విరగ్గొట్టి పుల్లటి ఆమ్లాలుగా, గంధకం కలిసిన ఘాటు పదార్థాలుగా మార్చినప్పుడే ఆ కంపు పుడుతుంది. ఐదో తరగతిలో రోజంతా మట్టిలో ఆడి వచ్చినా ఏ వాసనా లేని పిల్లాడి దగ్గర తొమ్మిదో తరగతిలో ఏసీ గదిలో కూర్చున్నా వాసన రావడానికి కారణం ఇదే. బద్ధకం వల్లనో, స్నానం ఎగ్గొట్టడం వల్లనో వచ్చింది కాదు. ఇందులో వంశపారంపర్యం కూడా ఉంది: ఏబీసీసీ11 అనే జన్యువులో ఒక చిన్న తేడా వల్ల చైనా, కొరియా, జపాన్ దేశాల్లో చాలామందికి చంకల వాసన దాదాపు రానే రాదు. మనలో ఎక్కువమందికి ఆ వెసులుబాటు లేదు.

ఒంటి సంగతి ఇది. బట్ట సంగతి వేరు, చాలా ఇళ్ళలో పట్టు తప్పేది అక్కడే. నూలు నీటిని పీల్చుకుంటుంది కాబట్టి ఉతికేటప్పుడు నీళ్ళు దారం లోపలికి పోయి మురికిని బయటికి తెస్తాయి. పాలియెస్టర్ నీటిని దగ్గరికి రానివ్వదు, నూనెను మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. 1941లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్న ఈ దారమే మన నాన్నల కాలంలో టెర్లిన్, టెరికాట్ పేర్లతో వచ్చి, ముడత పడదన్న ఒక్క గొప్పతో ఊరూరా పాకింది. ఇప్పుడు అది డ్రై ఫిట్ టీషర్టు. 2014లో బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 26 మంది చేత గంటసేపు వ్యాయామ సైకిలు తొక్కించి, చెమటకు తడిసిన టీషర్టులను ఒక రోజుకు పైగా మూసి ఉంచి వాసన పరీక్షించారు. నూలు టీషర్టుల కన్నా పాలియెస్టర్‌వే ఎక్కువ కంపు కొట్టాయి. మైక్రోకాకస్ అనే బ్యాక్టీరియా పాలియెస్టర్ మీద బాగా పెరిగినట్టు తేలింది. బ్యాగు అడుగున కవర్లో మూడు రోజులున్న జెర్సీ గతేమిటో దీన్నిబట్టి ఊహించుకోండి.

మన చాకిరేవుల్లో ఈ రసాయనశాస్త్రమంతా పేరు లేకుండానే నడిచింది. చౌడు మట్టి నీళ్ళలో బట్టలు తడిపి, బాన మీద ఆవిరికి ఉడకేసి, బండ మీద బాది, పారే నీళ్ళలో జాడించేవారు. చౌడులోని క్షారం కొవ్వును కరిగించేది, ఆవిరి సూక్ష్మజీవులను చంపేది, పారే నీరు రెండింటినీ తీసుకుపోయేది. నూలు బట్ట అంత వేడినీ తట్టుకుంది. ఈ కాలపు జెర్సీని అలా ఉడకేస్తే ముడుచుకుపోతుంది, సాగే దారం చచ్చిపోతుంది. అందుకని వేడి తగ్గించాలి, తగ్గిన వేడికి బదులు నానే సమయం పెంచాలి. మిగతా సూత్రమంతా చాకిరేవుదే.

మన వైపు ఇంకో చిక్కు, నీళ్ళు. బడంగ్‌పేట్ 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయింది కానీ, కాలనీలు లేచినంత వేగంగా పైపులు పడలేదు. కృష్ణా నీళ్ళు వచ్చిన రోజు వంటకూ తాగడానికీ పట్టి పెట్టుకుని, బట్టలకు బోరు తిప్పే ఇళ్ళు ఎన్నో. బకెట్టు అంచున తెల్లటి చారలు, షవర్ రంధ్రాల్లో సున్నం పేరుకుంటున్నాయంటే అవి మనం ఉప్పు నీళ్ళనే కఠిన జలం. అందులోని కాల్షియం, మెగ్నీషియం బట్టల సబ్బుతో కలిస్తే నురగ రాదు సరికదా, జిడ్డు తెట్టు కడుతుంది. ఆ తెట్టు చెమట కొవ్వు మీద కూర్చుని దాన్ని బట్టకే అతికిస్తుంది. ఎంత ఎక్కువ సబ్బు రుద్దితే అంత ఎక్కువ తెట్టు. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన కోరదగ్గ కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేనప్పుడు 600 దాకా. ఆర్వో మెషీను అమ్మే కుర్రాడు ముంచి చూపించే టీడీఎస్ మీటరు అంకె ఇది కాదు, అది వేరే లెక్క. మీ నీళ్ళ సంగతి తెలియాలంటే సీసాలో సగం నీళ్ళు పోసి, సబ్బు తురుము వేసి గట్టిగా ఊపండి. నురగ నిలవకుండా పైన తెల్లటి తెట్టు తేలితే కఠిన జలమే. అలాంటి నీళ్ళకు సబ్బు బిళ్ళ మానేసి డిటర్జెంటు పొడి గానీ లిక్విడ్ గానీ వాడండి. దానికి తోడు వాషింగ్ సోడా. కిరాణా కొట్టులో చవగ్గా దొరుకుతుంది. వంట సోడా కాదు, అడిగేటప్పుడే స్పష్టంగా అడగండి. వాషింగ్ సోడా కాల్షియాన్ని విడదీసి పక్కన పెడుతుంది, చెమట కొవ్వు మీద కూడా పనిచేస్తుంది. వంట సోడాకు అంత బలం లేదు.

ఇప్పుడు పద్ధతి. విప్పిన చొక్కా ముందు గాలికి ఆరాలి. తడి బట్టను ఉతికే బట్టల బుట్టలో వేసి మూత పెట్టకూడదు. ఇంట్లో ఒక్క నియమమే పెట్టగలిగితే ఇదే పెట్టండి: బ్యాగులోంచి జెర్సీ ఆ రాత్రే బయటికి రావాలి, దండెం మీదికో తలుపు కొక్కెం మీదికో చేరాలి. ఉతికే రోజు చొక్కా తిరగేయండి, మురికి ఉన్నది లోపలి వైపే. చంకలు తడిపి, అక్కడ మాత్రం డిటర్జెంటు లిక్విడ్ వేళ్ళతో పులిమి అరగంట వదిలేయండి. ఎంజైములున్న డిటర్జెంటు అయితే మరీ మంచిది. ప్యాకెట్ వెనక రాసి ఉంటుంది. కొవ్వునూ ప్రొటీనునూ విడగొట్టే పని ఎంజైములదే, అయితే అవి గోరువెచ్చటి నీళ్ళలోనే చురుగ్గా పనిచేస్తాయి. సలసల మరిగే నీళ్ళు పోస్తే చచ్చిపోతాయి. చాలా ఇళ్ళలో ఈ అరగంట ఓపిక పట్టకుండా నేరుగా మెషీన్‌లో పడేస్తారు. నెయ్యి అంటిన గిన్నెను చన్నీళ్ళతో తొలిచినట్టు ఉంటుంది అది.

నెలల తరబడి వాసన పేరుకున్న పాత చొక్కాలకు ఇది చాలదు. చెయ్యి పట్టేంత వేడి నీళ్ళు సగం బకెట్టు తీసుకుని, రెండు టేబుల్ స్పూన్ల వాషింగ్ సోడా, మామూలుగా వేసే డిటర్జెంటు కలిపి, చొక్కా తిరగేసి గంట నానబెట్టండి. నీళ్ళు బూడిద రంగుకు తిరిగి, ఉతికిన బట్టలోంచి ఇంత మురికా అనిపిస్తుంది. ఆ నీళ్ళు పారబోసి, మామూలుగా ఉతికి, రెండుసార్లు జాడించండి. సోడా చేతులను పొడిబారుస్తుంది, గ్లవ్స్ వేసుకోండి. పట్టుకు, ఉన్నికి సోడా తగలనివ్వకండి. వాటికి మన కుంకుడుకాయ రసాన్ని మించింది లేదు. తెల్ల యూనిఫాంకైతే ఆక్సిజన్ బ్లీచ్ అని అమ్మే సోడియం పర్‌కార్బనేట్ పొడి ఇంకా బాగా పనిచేస్తుంది. వేడి నీళ్ళలో కరిగి హైడ్రోజన్ పెరాక్సైడ్ వదులుతుంది. మిగిలిన ద్రావణాన్ని సీసాలో పోసి బిరడా మాత్రం బిగించకండి, గ్యాసు పేరుకుని సీసా పగిలే ప్రమాదం ఉంది.

వెనిగర్ గురించి అందరూ చెబుతారు కాబట్టి నేనూ చెప్పాలి. ఒక వంతు తెల్ల వెనిగర్‌కు నాలుగు వంతుల నీళ్ళు కలిపి అరగంట నానబెడితే కఠిన జలం వదిలిన సున్నమూ తెట్టూ కొంత కరుగుతాయి, వాసన తగ్గుతుంది. అప్పుడప్పుడు బకెట్లో వాడితే మంచిదే. వెనిగర్, సోడా కలిపి పోస్తే బుసబుస పొంగు వస్తుంది, చూడ్డానికి ఏదో జరుగుతున్నట్టే ఉంటుంది. నిజానికి ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకుని రెండూ పనికిరాకుండా పోతాయి. అది డబ్బు దండగతో పోతుంది, బ్లీచ్ కలిస్తే మాత్రం అలా పోదు. బ్లీచింగ్ పౌడర్ గానీ బ్లీచ్ ద్రవం గానీ వెనిగర్‌తోనో బాత్రూం యాసిడ్‌తోనో కలిస్తే క్లోరిన్ గ్యాసు పుడుతుంది. మూసిన బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. పిల్లలకు బట్టలుతకడం నేర్పే రోజు మొదట చెప్పాల్సిన మాట ఇదే.

వాసన పోలేదని కంఫర్ట్ లాంటి ఫ్యాబ్రిక్ కండిషనర్ రెండు మూతలు ఎక్కువ పోసే అలవాటు చాలామందికి ఉంది. అది దారం మీద మెత్తటి పూత పూస్తుంది. ఆ పూత కింద చెమట కొవ్వు భద్రంగా ఉంటుంది, డ్రై ఫిట్ బట్ట చెమట పీల్చే గుణమూ పోతుంది. ఆట బట్టలకు అసలే వద్దు. యాంటీసెప్టిక్ ద్రవం పోస్తే సూక్ష్మజీవులు చావొచ్చు గానీ అవి తినే కొవ్వు అక్కడే ఉంటుంది. మళ్ళీ తొడుక్కున్నాక కొత్తవి చేరతాయి.

ఎండ అన్నిటినీ శుద్ధి చేస్తుందని మన నమ్మకం. మే నెలలో నిజమే, మేడ మీద గంటన్నరలో గుడ్డ గలగలలాడుతుంది. జూలై ముసురులో హాల్లో ఫ్యాను కింద రెండు రోజులు వేలాడిన చొక్కాకు వచ్చేది వేరే కంపు, ముక్కిపోయిన వాసన. దానికి ప్రధాన కారణం మొరాక్సెల్లా ఆస్లోఎన్సిస్ అనే బ్యాక్టీరియా అని జపాన్ పరిశోధకులు 2012లో చూపించారు. అది ఆరబెట్టడానికీ, అతినీలలోహిత కిరణాలకూ కూడా అంత తేలిగ్గా లొంగదు. అంటే ఒకసారి ముక్కిపోయిన బట్టను మర్నాడు ఎండలో వేస్తే సరిపోదు, వేడి నీళ్ళలో మళ్ళీ ఉతకాల్సిందే. వానాకాలం బట్టలను ఒకదాని మీద ఒకటి కాకుండా బెత్తెడు ఎడంతో, చంకలు బయటికి వచ్చేలా తిరగేసి ఆరేయండి. మెషీన్ కూడా ఒకసారి చూసుకోండి. ఫ్రంట్ లోడ్ అయితే తలుపు దగ్గరి రబ్బరు మడతలో వేలు పెట్టి తుడవండి. నల్లటి జిగురు అంటుకుంటే మీ ఇంటి బట్టలన్నిటికీ వాసన అక్కడి నుంచి కూడా వస్తున్నట్టే. నెలకోసారి బట్టలు లేకుండా వేడి నీళ్ళ సైకిల్ తిప్పండి, ఉతికాక తలుపు తెరిచి ఉంచండి. డ్రమ్మును కూరి కూరి నింపితే నీళ్ళు తిరగవు.

బట్టల కన్నా కష్టమైన పని, పిల్లలకు ఈ మాట చెప్పడం. మన ఇళ్ళలో ఇది ఎక్కువగా చుట్టాల ముందు, భోజనాల దగ్గర, నవ్వుతూ చెబుతారు. "వీడు పక్కన కూర్చుంటే అన్నం సహించదు" అని మేనత్తో బాబాయో అనేస్తారు. పెద్దలకు అది సరదా మాట. పదిహేనేళ్ళ పిల్లకో పిల్లాడికో అది నెలల తరబడి మనసులో గుచ్చుకునే మాట. ఆ రోజు నుంచి వాళ్ళు కాలేజీలో చెయ్యెత్తి ప్రశ్న అడగరు, బస్సులో పైకడ్డీ పట్టుకోరు, ఎండలో కూడా జాకెట్ విప్పరు. జాకెట్ వల్ల చెమట రెట్టింపవుతుంది. ఆడపిల్లల విషయంలో ఇంకా కఠినంగా ఉంటాం. మగపిల్లాడికి తిట్టుతో పోయేది ఆడపిల్లకు సిగ్గుగా మిగులుతుంది.

చెప్పాల్సింది ఒంటరిగా ఉన్నప్పుడు, ఒక్కసారి, పేరు పెట్టి చెప్పాలి. సూటిపోటి మాటలు వద్దు, పుట్టినరోజుకు డియోడరెంట్ కొనిచ్చి అర్థం చేసుకోమనడం వద్దు. "నాన్నా, నీ వయసులో అందరికీ చెమట వాసన మారుతుంది, నాకూ మారింది. చొక్కాల్లో అది దిగిపోతోంది, మామూలు ఉతుకుడుకు పోవట్లేదు. ఆదివారం ఇద్దరం కలిసి వదిలిద్దాం" అంటే చాలు. వాసన చొక్కాది, పిల్లాడిది కాదు అన్న తేడా ఆ మాటలోనే ఉంది. తండ్రి చెబితే కొడుకు, తల్లి చెబితే కూతురు తేలిగ్గా వింటారని అంటారు. నా లెక్కన ఆ వారంలో ఎవరితో గొడవ పడలేదో వాళ్ళు చెబితే వింటారు.

ఆ ఆదివారం బకెట్టు వాళ్ళ చేతికే ఇవ్వండి. పక్కన నిలబడి చూపించండి గానీ మీరు ఉతకకండి. మన తల్లులు కొడుకుల బనియన్లు పెళ్ళిదాకా ఉతుకుతారు, ఆ తర్వాత ఆ పని కోడలి పాలవుతుంది. నానబెట్టిన నీళ్ళు నల్లబడడం తన కళ్ళతో చూసిన పిల్లాడికి చెమట గురించి మళ్ళీ ఉపన్యాసం అక్కర్లేదు, జెర్సీ దానంతటదే బ్యాగులోంచి బయటికొస్తుంది. రేపు ఇంటర్ అయ్యాక దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లోనో ఇంకెక్కడో ఉండాల్సి వచ్చినా ఈ పని చేతిలో ఉంటుంది.

ఒంటి జాగ్రత్తలు క్లుప్తంగా. చంకలు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకుని ఆరాకే బట్ట తొడగాలి. చెమట తగ్గించే యాంటీపెర్‌స్పిరెంట్‌ను రాత్రి పడుకునే ముందు పొడి చర్మం మీద రాస్తే పొద్దున రాసినదానికన్నా బాగా పనిచేస్తుంది. బాడీ స్ప్రే మాత్రం వాసన మీద వాసన కప్పడమే. మంగలి దుకాణంలో గడ్డం గీశాక రుద్దే పటికకు కూడా బ్యాక్టీరియాను అణిచే గుణం కొంత ఉంది, తడి చంకలకు రుద్దుకోవచ్చు, ఖర్చు తక్కువ. యూనిఫాం కింద నూలు బనియన్ వేసుకుని రోజూ మారిస్తే చెమటలో ఎక్కువ భాగం దానిలోనే ఆగిపోతుంది. మెంతులు, వెల్లుల్లి ఎక్కువ తిన్న రోజు చెమట వాసన మారొచ్చు, దానికి భయం అక్కర్లేదు. కానీ వాసన ఉన్నట్టుండి కొత్తగా మారినా, చేప వాసనలా వస్తున్నా, చల్లటి గదిలో కూడా చొక్కా తడిసి ముద్దవుతున్నా, బరువు తగ్గుతూ దాహం ఎక్కువవుతున్నా డాక్టరుకు చూపించండి.

ఇంత చేసినా ఒక చిక్కు మిగులుతుంది, అది మన ఇంట్లో తీరేది కాదు. ఆట బట్టల గుడ్డ ఏదో, యూనిఫాం ఎన్ని జతలో నిర్ణయించేది స్కూళ్ళు, కాలేజీలు. చవగ్గా వస్తుంది, రంగు పోదు, ముడత పడదు అని పాలియెస్టర్‌కే ఓటేస్తారు. ఏప్రిల్, మే దాకా మండే ఊళ్ళో, రోజుకు పన్నెండు గంటలు అదే చొక్కాలో ఉండే పిల్లలకు అది తగిన గుడ్డ కాదు. వచ్చే పేరెంట్స్ మీటింగులో మార్కుల మాట అయిపోయాక ఈ సంగతి లేవనెత్తండి: టీషర్టు నూలుదో, కనీసం నూలు పాలు ఎక్కువున్నదో పెట్టమనండి, మూడో జత కొనుక్కునే వీలు ఇమ్మనండి. జూన్‌లో బడులు తెరవకముందే, యూనిఫాం ఆర్డరు ఇంకా పోకముందే అడగాలి. ఒక్కరు అడిగితే వినరు, మీ కాలనీలో నలుగురిని కలుపుకుని వెళ్ళండి.